వల వెయ్యని రోజు

వాడరేవులో బోటు నీళ్లలోకి దించే ముందు ఒక ప్రశ్న తేలాలి. ఇవాళ వేటకు వెళ్లాలా, ఆగాలా? గాలి తిరిగినా, నిజాంపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న కబురు వచ్చినా బోట్లు ఒడ్డునే ఉండిపోతాయి. ఆ పూటకు రాబడి లేదు. అయితే డీజిలు మిగిలింది, వల మిగిలింది, అన్నిటికన్నా మనిషి మిగిలాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు ప్రభుత్వమే వేట ఆపిస్తుంది. సముద్రం మీద బతికేవాళ్లలో ఇలా ఆగిన మనిషిని ఎవరూ పిరికివాడనరు; ఆగడం ఆ వృత్తిలో ఒక భాగం. ఇంత తేలిగ్గా అర్థమయ్యే సంగతి పేకముక్కలు చేతికి రాగానే చాలామందికి గుర్తుండదు. ముక్కలు పంచారు కాబట్టి ఆడి తీరాలనిపిస్తుంది. రమ్మీ అయినా పోకరైనా, ఆట మెరుగుపడాలంటే ముందు రావలసింది చెయ్యి దించడం, అంటే ఆ ఆట ఆడకుండా తప్పుకోవడం. పేక మనకు నేర్పగల విలువైన పాఠం కూడా అదే. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచుకున్న మాట ఇంతే.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. మన వైపు ‘పేకాట’ అనే ఒక్క మాట కింద పొంతన లేని ఆటలు కొన్ని నడుస్తాయి. కోతముక్క, లోనా బయటా లాంటివాటిలో ఆడేవాడు తేల్చుకునేదేమీ లేదు. ముక్క ఎటు పడితే అటు. అందులో మెరుగుపడటమన్న మాటకే అర్థం లేదు. మూడు ముక్కలాట పోకర్‌కు దగ్గర చుట్టం. 52 ముక్కల కట్టలోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా రావచ్చు. వాటిలో మూడూ ఒకే అంకెవి 52 మాత్రమే. జతయినా రాక, వరసా రంగూ కలవక చేతిలో పెద్ద ముక్కను నమ్ముకోవలసినవి 16,440. అంటే నాలుగింట మూడుసార్లు దాదాపు ఉత్తి చెయ్యే. రమ్మీ వీటన్నిటికీ భిన్నం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1967లో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ఈ తేడానే చెప్పింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, అందుకని రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని తేల్చింది. మూడు ముక్కలాటను ఆ గౌరవానికి దూరంగా ఉంచింది. ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది: ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం తీసుకుంటుంటే అది నేరం కావచ్చు. మొదటి సగాన్ని గుర్తుపెట్టుకుని రెండో సగాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ సగం దగ్గరకు తర్వాత వస్తాను.

ఇప్పుడు ఒక చెయ్యి తీసుకుని దగ్గరగా చూద్దాం. అయిదుగురు రమ్మీలో 101 ఆట ఆడుతున్నారు, అంటే ఓడిన లెక్క 101 చేరినవాడు బయటికి. రెండు కట్టలు, రెండు అచ్చు జోకర్లు, మొత్తం 106 ముక్కలు. మీకొచ్చినవి: ఇస్పేటు 6, 7, 10, ఆసు, ఆఠీను 3, 7, జాకీ, డైమండు 2, 9, రాణి, కళావరు 4, రాజు, ఆసు. కట్ట కింద జోకరుగా తిప్పింది కళావరు 5. అంటే 5లన్నీ జోకర్లే, మీ చేతిలో ఒక్కటీ లేదు. జోకరు వాడని అసలు వరసా లేదు, అది లేనిదే ఎన్ని ముక్కలు కలిసినా షో చెల్లదు. ఆసు, రాజు, రాణి, జాకీ పదేసి లెక్కన కూడితే చేతిలో 98 ఉన్నాయి; ఫుల్ కౌంట్ 80 దగ్గర ఆగుతుంది కాబట్టి ఓడితే 80. చెయ్యి ఇప్పుడే దించేస్తే 20. నడిమధ్యలో దించితే 40. ఆట తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఈ క్షణంలో బయటపడుతుంది. తెలియనివాడు ‘రెండు ముక్కలు తీసి చూద్దాం’ అంటాడు. ఆ రెండు ముక్కల ఖరీదు ఇంకో 20 అని అతనికి తోచదు. ఒకటి తియ్యగానే 20 కాస్తా 40 అయిపోయింది.

ఈ చేతిలో ఆశ పెట్టుకోదగ్గ మూల ఏదన్నా ఉందా? ఉంది. ఇస్పేటు 6, 7 పక్కపక్కన ఉన్నాయి. ఇస్పేటు 5 గానీ 8 గానీ పడితే వరస అవుతుంది. రెండు కట్టలు కాబట్టి అవి మొత్తం నాలుగు. అదే మీ దగ్గర 6, 8 ఉంటే 7 ఒక్కటే కావాలి, అవి రెండే. ఆసు, 2 ఉన్నా అంతే, 3 కోసం చూడాలి, అవీ రెండే. పక్కపక్క ముక్కలకూ మధ్యలో ఖాళీ ఉన్న ముక్కలకూ తేడా సరిగ్గా రెట్టింపన్నమాట. ఇక ఆఠీను 7ను కూడా కలిపి చూడండి. మూడు 7ల సెట్టుకు డైమండు 7, కళావరు 7 పనికొస్తాయి, అవి నాలుగు. ఈ మూడు ముక్కలు కలిసి ఎనిమిది ముక్కల కోసం ఎదురుచూస్తున్నాయి. మీకు కనపడనివి ఎన్ని? 106లో మీ పదమూడు, తిప్పిన జోకరు, మీ ముందున్న ఓపెన్ ముక్క పోగా 91. కట్టలోంచి ఎనిమిదిసార్లు తీశారనుకుంటే, రెండు ముక్కల కోసం చూసేవాడికి వాటిలో ఒకటి దొరికే అవకాశం 17 శాతం, నాలుగింటి కోసం చూసేవాడికి 31 శాతం, ఎనిమిదింటి కోసం చూసేవాడికి 54 శాతం. పక్కవాళ్లు పారేసేవాటితో ఇది కాస్త పెరుగుతుంది, వాళ్లు పట్టేసుకున్నవాటితో తగ్గుతుంది. మొదటి పాఠం ఇదే అనుకోండి: చేతిలో ఏముందో చూడటంతో సరిపెట్టక, అది ఎన్ని ముక్కల కోసం చూస్తున్నదో లెక్కపెట్టాలి. వేళ్ల మీద అయిపోయే లెక్క ఇది. పత్తి ఏరే కూలి లెక్కకు, మిర్చి టిక్కీల తూకానికి రోజూ వాడే బుర్రే దీనికీ చాలు.

అయినా ఈ చెయ్యి దించెయ్యవలసిందే. ఆ 54 శాతం మూడు ముక్కల సంగతే. మిగిలిన పది ముక్కల్లో రెండు ఆసులు, కళావరు రాజు తప్ప ఏవీ ఒకదానికొకటి అతకలేదు. ఓడితే సగటున 60 పడతాయనుకుందాం. దించితే 20 ఖాయం. ఆడటం, దించడం రెండూ సమానం కావాలంటే మూడింట రెండుసార్లు ఈ చేత్తో షో చెయ్యగలగాలి. గెలిస్తే మిగతావాళ్ల లెక్క పెరుగుతుంది, ఆ లాభమూ ఉంది నిజమే. దాన్ని కలుపుకున్నా ఈ చేతికి తీర్పు మారదు. కాస్త మెరుగైన చెయ్యి, ఓడితే సగటున 40 పడేది అయితే సగానికి సగం గెలిస్తే చాలు. ‘ఇలా ప్రతిసారీ దించుకుంటూ పోతే ఇక ఆడేదెప్పుడు?’ అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆట కట్టిన తీరులోనే దానికి జవాబుంది. 101 ఆటలో అయిదుసార్లు దించితే 100, ఆరోసారి దించితే బయటికే. కాబట్టి దించడం ఉచితం కాదు, అది చేతిలో ఉన్న అయిదు గింజల లాంటిది. ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చుకోవడమే ఆట. అసలు వరస చేతికొచ్చి, ఒక జోకరు కూడా ఉంటే, అప్పుడు భయపడి దించడం కూడా తప్పే. సముద్రం నిమ్మళంగా ఉన్న రోజు ఇంట్లో కూర్చునే మనిషికి పూట గడవదు.

ఆడాలని తేల్చుకున్నాక చెయ్యవలసినవి రెండు. అతుకు లేని పెద్ద ముక్కలు ముందు వదిలించుకోవాలి. ఓడినా కౌంటు తగ్గుతుంది. రెండోది మీ తర్వాత ఆడే మనిషిని కనిపెట్టి ఉండటం. మీరు పారేసిన ముక్క అందుకునేది అతనే. అతను ఆఠీను 9 పట్టుకున్నాడంటే కొంతసేపటి దాకా ఆఠీను 8, 10, మిగతా రంగుల 9లు మీ చేతిలోనే ఉండాలి. పడిన ముక్కలన్నీ గుర్తుంచుకోవాలనుకుంటే ఎవరివల్లా కాదు. మీకు కావలసినవాటినీ ఆ ఒక్కడికి కావలసినవాటినీ గుర్తుంచుకుంటే చాలు. ఎర వెయ్యడమూ ఇక్కడే వస్తుంది. మీకు ఇస్పేటు 8 కావాలి, చేతిలో ఇస్పేటు 10 ఉంది. పది పారేస్తే, ఇతనికి ఆ వైపు పని లేదనుకుని 8 వదిలేవాడు వదలవచ్చు. తిరిగి తిరిగి అదే ఎర వేస్తే మాత్రం చేప తెలుసుకుంటుంది.

ఇంతా విన్నాక చాలామంది పెదవి విరుస్తారు. ‘ముక్కలు పడాలి గానీ లెక్కలు ఏం చేస్తాయి? ఏమీ తెలియనివాడు ఆట కొట్టుకుపోవడం చూడటం లేదా?’ అంటారు. ఈ ఆక్షేపణకు బలముంది. ఒక ఆటలో, పది ఆటల్లో అదృష్టం నైపుణ్యాన్ని మింగేస్తుంది. ఎంతగానో చూడండి. అయిదుగురు సమానంగా ఆడేచోట ఒక్కొక్కరు వందకు 20 ఆటలు గెలవాలి. ఒకరు 25 గెలిచారు. అతను గొప్ప ఆటగాడా? అతనికి మిగతావాళ్లకన్నా వీసమెత్తు నైపుణ్యం ఎక్కువ లేకపోయినా, వంద ఆటల్లో 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెలిచే అవకాశం 13 శాతం ఉంది. ఏడెనిమిది మందిలో ఒకరికి ఆ భాగ్యం ఉత్తినే దక్కుతుంది, దాన్ని అతను తన తెలివనుకుంటాడు. అంటే గెలుపును చూసి ఆటను కొలవడం కుదరని పని. అదృష్టం పెద్దదన్నవాళ్ల వాదనలోంచి నాకు కనపడే సారం ఇది: ఫలితం మన చేతిలో లేదు కాబట్టి నిర్ణయాన్నే కొలవాలి. అప్పుడు తెలిసిందేమిటి, దాన్ని బట్టి చేసింది సరైనదా కాదా? చెయ్యి దించాక చూస్తే తర్వాతి మూడు ముక్కలూ మీకు కావలసినవే అయి ఉండవచ్చు. అయినా దించడం ఒప్పే.

ఈ చూపు మన వైపు పేకకు అవతల ఇంకా ఎక్కువ కావాలి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తేవాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా అన్నది రైతు ఏటా ఎదుర్కొనే చెయ్యి. ఆగిన ఏడు ధర పెరిగితే ఊరంతా అతన్ని తెలివైనవాడంటుంది, పడిపోతే అదే ఊరు ఆశపోతంటుంది. 2025 మొదట్లో ధర ఎంతగా కుంగిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చెయ్యవలసి వచ్చింది. అంతకు ముందు మంచి ధర చూసి మిరప వేసినవాళ్లంతా తెలివితక్కువవాళ్లు కారు. అడగవలసిన ప్రశ్నలు వేరు. అప్పు మీద వడ్డీ, కోల్డ్ స్టోరేజీ అద్దె కలుపుకుని ఎంత ధరకు గిట్టుతుందో ముందే లెక్క వేసుకున్నారా? సరుకంతా ఒకే మాట మీద పెట్టారా, కొంత అమ్మి కొంత ఆపారా? ఇంత కిందికి దిగితే అమ్మేస్తామని ఒక గీత గీసుకున్నారా? ఆ గీత పేరే పేకలో డ్రాప్, చెయ్యి దించడం. రైతుకు ఏడాదికి ఒక్క చెయ్యే పడుతుంది, తప్పు దిద్దుకోవడానికి మళ్లీ ఏడాది ఆగాలి. పేకలో ఒక సాయంత్రానికి ఇరవై చేతులు పడతాయి, పందెం చింతగింజలే అయితే ఏమీ పోదు. అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా చవకైన చోటు నాకు తెలియదు.

పోకర్ ఈ పాఠాన్ని ఇంకా సూటిగా చెబుతుంది. ఎక్కువమంది ఆడే హోల్డెమ్ రకంలో ప్రతివాడి చేతికి రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. చేతికి రెండు ఆసులు రావడం 221 సార్లకు ఒకసారి. నిపుణులు తమకొచ్చిన చేతుల్లో ఎక్కువ భాగాన్ని పందెం కాయకుండానే దించేస్తారు. లెక్క కూడా తేలిక. బల్ల మీద మూడు ముక్కలు పరిచాక మీకు ఒకే రంగువి నాలుగు ఉన్నాయనుకోండి; కావలసిన అయిదోది కట్టలో తొమ్మిది. ఇంకా రెండు ముక్కలు తిప్పాలంటే తొమ్మిదిని నాలుగుతో, ఒక్కటే తిప్పాలంటే రెండుతో గుణించండి. 36, 18 వస్తాయి. అసలు లెక్క 35, 19. ఇప్పుడు మధ్యలో 300 చింతగింజలున్నాయి, ఆటలో ఉండాలంటే మీరు 100 పెట్టాలి. నాలుగింట ఒకసారి, అంటే 25 శాతం గెలిస్తే సరికి సరి. ఒక్క ముక్కే తిప్పేది ఉంటే 19 శాతానికి 100 గింజలు పెట్టడం దండగ, దించండి. రెండూ తిప్పుతారు, మధ్యలో ఇంకేమీ అడగరు అంటే పెట్టండి. ‘పోకరంటే ముఖాలు చదవడం కదా, లెక్కలతో ఏం పని?’ అనేవాళ్లకు ఒక సంగతి. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు తయారు చేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాము ఆరుగురాడే హోల్డెమ్‌లో వృత్తి ఆటగాళ్లమీద పైచేయి సాధించింది. దానికి ఎవరి ముఖమూ కనపడదు. బుకాయింపు కూడా అది లెక్క ప్రకారమే చేసింది.

ఇక అన్నిటికన్నా గట్టి ప్రశ్న. ‘ఇంత నైపుణ్యముంటే పైసలు పెట్టి ఆడితే తప్పేమిటి?’ నా జవాబు రెండు ముక్కల్లో ఉంది, మొదటిది లెక్క. తర్వాత వస్తానన్న ఆ తీర్పు రెండో సగం ఇక్కడే పనికొస్తుంది. అయిదుగురు వందేసి వేస్తే 500. ఆట నడిపేవాడు పదో వంతు తీసుకుంటే గెలిచినవాడికి 450. సమానంగా ఆడే అయిదుగురు వంద ఆటలాడితే ఒక్కొక్కరి జేబులోంచి సగటున వెయ్యి రూపాయలు పోతాయి. గెలిచింది ఆ అయిదుగురిలో ఎవరూ కాదు. అసలుకు అసలు రావాలన్నా వందకు 22కు పైగా గెలవాలి. అంత నైపుణ్యం తనకుందో లేదో, పైన చెప్పినట్టు, వంద ఆటల తర్వాత కూడా ఎవరికీ తెలియదు. రెండోది మనసు. చింతగింజలు పెట్టినప్పుడు దించగలిగిన చెయ్యి, ఇంటి ఖర్చుల డబ్బు పెట్టినప్పుడు దించలేం. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆరాటం వచ్చిన క్షణాన 91 ముక్కల లెక్క ఎగిరిపోతుంది. డబ్బు పెట్టగానే నేర్చుకున్న విద్యే పనిచెయ్యడం మానేస్తుందన్నమాట. చట్టం కూడా ఇటే నడిచింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే రమ్మీ, పోకర్లను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న పాత తగువును ఆ చట్టం లెక్కలోకి తీసుకోలేదు. డబ్బు పెడితే చాలు, నిషేధమే. నాకది సరైన గీత అనిపిస్తుంది.

సప్తవ్యసనాల్లో జూదం ఒకటని, పేకను ఇంటి గడప తొక్కనివ్వకూడదని చెప్పే పెద్దల మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఈ ఊళ్లలో పేక వల్ల పొలాలు చేతులు మారిన ఇళ్లున్నాయి. అయితే మన కథల్లోనే రెండో వైపూ ఉంది. నలుడు పుష్కరుడితో పాచికలాడుతూ రాజ్యం పోగొట్టుకుంటున్నప్పుడు మంత్రులు చెప్పారు, దమయంతి చెప్పింది, ఆపలేకపోయాడు. తర్వాత ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్నప్పుడు, చెట్టును ఒక్కసారి చూసి ఆకులూ కాయలూ ఎన్నో చెప్పగల ఆ రాజు వద్ద అక్షహృదయం నేర్చుకున్నాడు. పాచికల విద్య, లెక్కపెట్టే విద్య ఒకటేనని కథ కట్టినవాళ్లకు తెలుసు. నలుడు మళ్లీ పణం పెట్టే ఆడాడు, ఆ భాగాన్ని నేను ఆదర్శంగా చెప్పడం లేదు. మొదటిసారి అతనికి లేనిది అదృష్టమొక్కటే కాదు, ఆపగలగడం కూడా అన్నదే నా మాట. వద్దన్నంత మాత్రాన పిల్లలు పేక పట్టరన్న హామీ లేదు. పెళ్లిళ్లలో, సంక్రాంతి సెలవుల్లో, ఫోన్లలో ఎక్కడో ఒకచోట అది ఎదురుపడుతుంది. అప్పటికి దించడం వచ్చి ఉంటే మంచిది.

సాధనకు కావలసింది ఒక నోటుపుస్తకం, గుప్పెడు చింతగింజలు. వంద ఆటలు ఆడండి. ప్రతి ఆటకూ, ముక్కలు చూసిన వెంటనే, ఒక్కటి కూడా తియ్యకముందే మూడు సంగతులు రాయండి: అసలు వరస ఉందా, జోకర్లెన్ని, ఎన్ని ముక్కల కోసం చూస్తున్నారు. ఆడారా దించారా రాయండి. ఎవరు కొట్టారన్నది ఆఖరున, వేరే గడిలో రాయండి. పాతిక ఆటలకొకసారి ఆ ఆఖరి గడిని కాగితంతో మూసి మిగతావి చదవండి. ఆడకూడని చెయ్యి ఆడిన చోటల్లా ఒక చుక్క పెట్టండి. మొదటి పాతికలోనూ చివరి పాతికలోనూ ఉన్న చుక్కలు లెక్కపెట్టి చూసుకోండి. ఆ పుస్తకంలో రూపాయల గడి మాత్రం గియ్యకండి.